బొంత మూలన నీలి కాలరు

నిన్న బొంత ఎండకు వేశాను. కోడలు చూసి, "అత్తమ్మా, గిది ఇంకెన్ని దినాలు? పారేద్దాం తియ్" అంది. పారెయ్యడమంటే ఈ కాలం వాళ్లకు చెయ్యి కడుక్కున్నంత సులువు. "నీ పరుపు అప్పుడే గుంటలు పడ్డది, ముందు దాన్ని పారెయ్" అన్నాను. నవ్వుకుంటూ లోపలికి పోయింది. ఆ బొంత ఒకప్పుడు ఒక సిపాయి బట్టలను కడుపులో దాచుకుందని కోడలికి నేనెప్పుడూ చెప్పలేదు.

అప్పుడు మాది మౌలాలిలో రైలు పట్టాల పక్క ఇల్లు. మా నాయన తమ్ముడు, చిన్నాయన, బొంబాయిలో ఇండియా ఫౌజు ఓడ మీద, మా మాటలో జహాజు మీద, నౌకరీ చేసేవాడు. సెలవు మీద ఇంటికొచ్చిన కొద్దికే ఇండియాతో గొడవలు ముదిరి రైళ్లు బందయ్యాయి. హైదరాబాదు రాజ్యంలో ఇండియా సిపాయి బట్టలు ఇంట్లో దొరికితే ప్రాణాలకే ముప్పు. కాల్చేద్దామని నాయన అంటే మా నాయనమ్మ ఒప్పుకోలేదు. "మంచి గుడ్డను కాలుస్తరార ఎవరన్న?" అని, పాత చీరల మడతల నడుమ ఆ తెల్ల అంగీ, లాగు, నీలి కాలరు పరిచి బొంత కుట్టేసింది. చిన్నాయన దానిమీదే పడుకుని, "జహాజు కన్న మెత్తగున్నదే అమ్మా" అని ఆటపట్టించేవాడు.

ఇండియా ఫౌజు వచ్చింది, పోలీసు చర్య ముగిసింది. వాన వెలిసిన ఒక పొద్దున పక్కింటి ఖాలా వచ్చింది. మా వాడలో రేడియో వాళ్లింట్లోనే ఉండేది. ఆ దినాల్లో ముసల్మానుల ఇళ్ల మీద దాడులవుతున్నాయని వాళ్లు సుత భయంతో తలుపులు బిగించుకునే ఉన్నారు, అయినా వచ్చింది. "అమ్మా, రేడియోల చెప్పిన్రు. సెలవు మీదున్న జహాజు సిపాయిలందరు ఫౌరన్, గిప్పటికిప్పుడే, హాజరు కావాల్నట. దగ్గర్ల ఫౌజు దఫ్తరుంటే ఆడికే పోవాల్నట. మీ చిన్నోనికి చెప్పకుంటే నాకు అన్నం దిగదు" అంది.

నాయనమ్మ లేచి వెళ్లి బొంత మీద కూర్చుంది. "బొంత ఇప్పేది లేదు. వానకాలం పిల్లలు దేనిమీద పండుకుంటరు?" పిల్లలంటే ఇంట్లో నేనొక్కదాన్నే. ఇన్నాళ్లు దాచుకున్న కొడుకును మళ్లీ సముద్రానికి ఇవ్వలేక చెప్పిన సాకు అది. చిన్నాయన ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "పోకుంటే పారిపోయినోడంటరే అమ్మా. నీ కొడుకును గా మాట అననిస్తవా?"

ఆమె బొంత మీంచి లేచి సూది అడిగింది. దారం తెంపలేదు, కుట్టు వెంట కుట్టు లాగుతూ, వేలికి చుట్టుకుంటూ విప్పింది. ఖాలా కూర్చొని రెండో వైపు విప్పింది. అంగీ వచ్చింది, లాగు వచ్చింది. కాలరు దగ్గర నాయనమ్మ చెయ్యి ఆగింది. "గిది మల్లొచ్చినంక తీస్కో" అని, అదే దారంతో ఆ మూల మళ్లీ కుట్టేసింది. కాలరు లేకుండానే చిన్నాయన తిరుమలగిరి ఫౌజు దఫ్తరుకు నడిచిపోయాడు.

కాలరు లేనందుకు జహాజు దొరతో ఎన్ని తిట్లు తిన్నాడో తర్వాతి సెలవులో చెప్పి అందరినీ నవ్వించాడు. కాలరు మాత్రం అడగలేదు. వచ్చినప్పుడల్లా బొంత మూల తడిమి, "ఉన్నది తియ్" అని వదిలేసి పోయేవాడు. తీసుకుంటే మళ్లీ రావడానికి సాకుండదని తల్లీకొడుకులిద్దరికీ తెలుసు.

ఇప్పుడు ఇద్దరూ లేరు. పైచీర ఎన్నిసార్లు మార్చానో గానీ ఆ మూల మాత్రం విప్పలేదు. పోయిన కాలం చేతికి దొరకదంటారు. నాకు మాత్రం రోజూ పడుకునే ముందు, బొంత ఎడమ మూలన, జెర గట్టిగా తగులుతూనే ఉంటుంది.