ఎర్రబడని చెయ్యి

పసిపిల్లల లోషన్లు తయారుచేసే ఆ కంపెనీలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. మేనేజర్ దగ్గర్నుంచి ప్యాకింగ్ అమ్మాయిల దాకా అందరికీ ఆయన "చెయ్యి". కొత్త సరుకు ఏదొచ్చినా ముందు ఆయన ముంజేతి మీద రాసి, పట్టీ వేసి, మర్నాడు విప్పి చూస్తారు. ఎర్రబడలేదా, సీసా మీద "పసిచర్మానికి పూర్తిగా సురక్షితం" అని అచ్చేస్తారు.

ఆ ముంజేయి మామూలుది కాదు మరి. వయసులో ఉన్నప్పుడు సున్నం బట్టీలో పనిచేసి మొద్దుబారినది. దాని మీద ఏం పూసినా దున్నపోతు మీద వాన కురిసినట్టే. అంతకుముందు ఈ పని ఒక సున్నితపు చర్మం అమ్మాయి చేసేది. ఏది రాసినా దద్దుర్లు. సరుకును మార్చడం ఖర్చు కదా, అమ్మాయిని మార్చారు. తలనెరిసిన మనిషి ముంజేతికీ పసిబిడ్డ బుగ్గకూ తేడా లేదా అని అడిగే పాపాత్ముడు ఆ కంపెనీలో ఒక్కడూ లేడు. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం.

ఆయనకు మాత్రం ఆ చెయ్యంటే మహా గర్వం. కూతురికి పాప పుట్టగానే సంచీ నిండా సీసాలు మోసుకెళ్ళాడు.

"వాసన ఘాటుగా ఉంది నాన్నా. ఇంత చంటిదానికి రాయొచ్చంటావా?"

"నా చెయ్యి చూసి చెప్పు తల్లీ. ఒక్క మచ్చయినా ఉందా?"

లేదు. కూతురు నమ్మింది. ఆ చెయ్యి పట్టుకునే నడక నేర్చిన పిల్ల, నమ్మక ఏం చేస్తుంది.

వారం తిరక్కుండానే పాప బుగ్గలూ మెడ మడతలూ కందిపోయి రసి కారడం మొదలైంది. పాలు తాగదు, నిద్రపోదు, పరుపుకేసి మొహం రుద్దుకుంటూ ఒకటే ఏడుపు. డాక్టరమ్మ సీసా మూత తీసి వాసన చూసి పక్కన పెట్టేసింది.

"ఇందులో కలిపిన సెంటు పాపకి పడలేదు. పసివాళ్ళకి వాసన లేనివే వాడాలి. ఇంతకీ ఇది రాయమని ఎవరు చెప్పారు?"

కూతురు తండ్రి వంక చూడలేదు. "తెలియక రాశానండీ" అంది.

ఆయనకు తల కొట్టేసినట్టయింది. నలుగురిలో తిట్టినా బాగుండేది.

మర్నాడు మేనేజర్, అదే సెంటు కలిపిన కొత్త లోషన్ పట్టీ విప్పి, ఆ చేతిని ముచ్చటగా అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బంగారం లాంటి చెయ్యయ్యా నీది. పాసని రాసెయ్యనా?"

"ఎర్రబడిందని రాయండి సార్."

మేనేజర్ కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశాడు. "ఎక్కడ?"

"మా మనవరాలి బుగ్గల మీద" అని ఆయన చొక్కా చెయ్యి కిందికి దించి బొత్తాం పెట్టేసుకున్నాడు.