అప్పలనరసమ్మ మోకాలు, సుహాసిని చదువు

నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు, జూలై మొదటి వారంలో, భిలాయిలో నేను జనరల్ మెడిసిన్ విభాగాధిపతిగా ఉన్న ఆసుపత్రికి మొదటిసారి ఒక రుమటాలజిస్టు వచ్చింది. అంతవరకు కీళ్ళవాతం కేసులన్నీ నేనే చూసేవాణ్ణి. ఆమె పేరు సుహాసిని. భిలాయిలోనే కోహ్కాలో పుట్టి పెరిగిన మనిషి. రాయపూర్‌లో ఎం.బి.బి.ఎస్. చదివి, ఆపై శిక్షణ బ్రిటన్‌లో ముగించుకుని తిరిగి వచ్చింది.

మన దేశంలో రుమటాలజిస్టు కావాలంటే సాధారణంగా ఎం.డి. మూడేళ్ళు, డి.ఎం. మూడేళ్ళు. అమెరికాలో జనరల్ మెడిసిన్ మూడేళ్ళు, ఆపై ఫెలోషిప్ రెండేళ్ళు. బ్రిటన్‌లో జనరల్ మెడిసిన్ మూడేళ్ళు పూర్తయ్యాక కీళ్ళవాతానికి ఇంకో నాలుగేళ్ళు. తేడా ఏళ్ళ లెక్కలోనే ఉందనుకునేవాణ్ణి. నేను ఎం.డి. చేసిన విశాఖపట్నంలో చివరి పరీక్ష గట్టెక్కితే డాక్టరు తయారైనట్టే. బ్రిటన్ వాళ్ళకు పరీక్షలతోపాటు ఏళ్ళ తరబడి ఇంకో తంతు నడుస్తుంది. కీలులో సూది పెట్టినా, రోగికి చెడు వార్త చెప్పినా, సీనియర్ పక్కన నిలబడి చూసి, లోటుపాట్లు రాసి సంతకం చేయాలి.

ఆ నెలలోనే అప్పలనరసమ్మ కేసు వచ్చింది. శ్రీకాకుళం నుంచి వచ్చి మా ఊళ్ళోనే సుపేలాలో ఒక మెస్సులో వంట చేసేది. ఆరేళ్ళుగా నా రోగి. రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అని నిర్ధారించి మందులు నడిపిస్తున్నది నేనే. మిగతా కీళ్ళు లొంగాయి గాని ఎడమ మోకాలి వాపు నాలుగు నెలలుగా తగ్గలేదు. నిలబడలేకపోతే పని పోతుంది. బయొలాజిక్ ఇంజక్షన్ మొదలుపెడదామని నేను రాశాను. వాపును బాగా అణిచే మందు అది, కాని శరీరపు రోగనిరోధక శక్తినీ తగ్గిస్తుంది. ఇంజక్షన్ సుహాసిని ఇవ్వాలి.

ఆమె ఇవ్వలేదు. కాగితాలు పట్టుకుని నా గదికి వచ్చింది.

"సర్, అన్ని కీళ్ళూ తగ్గి ఒక్కటే ఎందుకు ఉండిపోయింది? టీబీ కాదని తేలేదాకా ఆగుదాం. మోకాలి లోపలి పొర ముక్క తీసి పరీక్షకు పంపుతాను."

ఛాతీ ఎక్స్‌రే బాగానే ఉందన్నాను. మోకాలిలో ఉంటే ఛాతీలో కనబడకపోవచ్చు కదా సర్ అంది. నాకు తెలియని సంగతి కాదు. అందుకే చిరాకు వేసింది. అయినా సరేనన్నాను.

అప్పలనరసమ్మకు ఇంకా కోపం వచ్చింది. "ఏటి డాక్టరమ్మా, సూదేస్తావని వస్తే ముక్క కోస్తానంటావేటి? డాక్టరు బాబు ఏసెయ్యమన్నారు కదేటి?"

సుహాసిని ఆమె పక్కన స్టూలు మీద కూర్చుంది. "అమ్మా, ఆ సూది పవర్ ఎక్కువ. లోపల టీబీ ఉంటే ఒళ్ళంతా పాకిపోద్ది. పహలే అది చూసేద్దాం, తర్వాతే సూది. లేదని తేలితే నేనే ఏస్తాను." అప్పలనరసమ్మ నా మొహం చూసి, సరేనంది.

అల్ట్రాసౌండ్ తెర మీద చూస్తూ సన్నటి సూదితో ముక్క తీయడం నేను ఎప్పుడూ చేయలేదు. సుహాసినికి అది అలవాటైన పని. కాని మొదలుపెట్టే ముందు నన్ను పక్కన నిలబడమంది.

"కీళ్ళ టీబీ నేను అక్కడ రెండే కేసులు చూశాను సర్. మీరు ఎన్నో చూసుంటారు. ఏదైనా తప్పుగా తోస్తే ఆపండి."

ఏడేళ్ళ శిక్షణ ముగించుకున్న స్పెషలిస్టు తనకు తెలియనిది నర్సుల ముందు అంత మామూలుగా చెప్పడం నేను అంతకుముందు చూడలేదు. నా చిరాకు అక్కడితో పోయింది.

పది రోజులకు రిపోర్టు వచ్చింది. టీబీయే. నేను రాసిన ఇంజక్షన్ చీటీని నేనే రద్దు చేశాను. అప్పలనరసమ్మకు ఆ మాట కూడా నేనే చెప్పాను: నా ఆలోచన తప్పు, ఈ డాక్టరమ్మ ఆపింది అని. "ఇంతకీ నిలబడతానా బాబూ?" అని ఆమె అడిగింది. ఏడాదికి పైగా టీబీ మందులు వాడింది. మోకాలు పూర్తిగా వంగదు గాని, వంటపనికి తిరిగి వెళ్ళింది.

కీళ్ళ టీబీ సుహాసిని కన్నా నేనే ఎక్కువ చూశాను. అయినా ఆరేళ్ళ కిందట నేను పెట్టిన జబ్బు పేరే కళ్ళ ముందుండటంతో ఆ మోకాలిని కొత్తగా చూడలేదు. తన పని ఇంకొకరు చూసి తప్పు పట్టవచ్చని ఏళ్ళపాటు అలవాటు చేసే శిక్షణ విలువ నాకు అప్పుడు తెలిసింది. మిగిలిన రెండేళ్ళూ, పాత రోగికి మందు పెంచే ప్రతిసారీ కేసు షీటు ఇంకో డాక్టరు చేతికిచ్చి, మొదటి నుంచి చూడమన్నాను.