ఒక్కరు వద్దన్నా ఆగాలి

మా సారు పోయారు. కబురు చెప్పింది రహీమక్క. "సారు పోయిండు చెల్లె. వస్తవా?" అని అడిగి, వెంటనే ఫోన్ పెట్టేసింది. ఏడాదిగా ఆమె గానీ నేను గానీ ఆయన గడప తొక్కలేదు.

మేడ్చల్‌లో డిగ్రీ చదివేటప్పుడు ఆయన మాకు రాజనీతిశాస్త్రం చెప్పేవారు. అరాజకమంటే ఏమిటని అడిగితే, బస్సులు తగలబెట్టడం అన్నాం. ఆయన నవ్వారు. "లొల్లికి ఆ పేరు వెట్టింది ఏలెటోళ్లమ్మా. ఒగలు ఇంకొకల నెత్తి మీద గూసోకుండుడే అరాజకం, గంతే." భయంతో కాక ఒప్పుదలతో వచ్చే క్రమం ఒకటుంటుందని ఏడాదంతా ఓపిగ్గా చెప్పారు. నాకు పూర్తిగా నమ్మకం కుదరలేదు. వదిలెయ్యడమూ చేతకాలేదు.

రిటైరయ్యాక శామీర్‌పేట దగ్గరి సొంతూళ్లో, ఆదివారాలు తన ఇంటి అరుగు మీద ఊరివాళ్లను కూర్చోబెట్టేవారు. నేనూ వెళ్లేదాన్ని. అధ్యక్షుడు లేడు, చేతులెత్తడం లేదు. ఏ ఒక్కరు వద్దన్నా పని ఆగాలి. ఎందుకని మిగతావాళ్లు అడగాలి. నీళ్లు వదిలే వేళ మార్చుదామంటే ఒక అవ్వ వద్దంది. ఆమె నడుంనొప్పి కథంతా విన్నాక గానీ తెలియలేదు, ఆ వేళకు ఆమెకు బిందె ఎత్తిపెట్టేవాళ్లు ఇంట్లో ఉండరని. చాయ్ కప్పులు సారే కడిగేవారు. "కప్పులు కడిగెటోడు వేరే ఉంటే సర్కారు గాడనే మొదలైతది" అనేవారు.

పోయినేడు పంచాయతీ ఎన్నికలొచ్చాయి. బట్టలు కుట్టే రహీమక్క సర్పంచికి నామినేషన్ వేసింది. ఎవరిదైనా కుర్చీ కుర్చీయేనని సారు ఆమెతో వాదిస్తారనుకున్నాం. వాదించలేదు. సారు తమ్ముడు ప్లాట్ల వ్యాపారి, అతనూ నామినేషన్ వేశాడు. ఏకగ్రీవం కావాలన్నారు పెద్దమనుషులు. సారు అందరినీ అదే అరుగు మీదికి పిలిచి, తమ్ముణ్ణి సర్పంచిని చేద్దామా అని ఒక్కొక్కరినీ అడిగారు. సరే, సరే అంటూ వచ్చారు. రహీమక్క వద్దంది. ఎందుకని సారు అడుగుతారని చూశాం.

"ఒక్కదాని కోసం ఊరంత ఆగుతదా రహీమా?" అన్నారు.

మర్నాడు ఆమె తప్పుకుంది. ఊళ్లో పటాకులు కాల్చారు.

ఉండబట్టలేక ఫోన్ చేసి ఇదేంది సారూ అన్నాను. "నా సదువు కోసం వాడు బడి మానేసిండమ్మా. వాణ్ణి వద్దని ఎట్లంట?" అన్నారు. తమ్ముడికి చెప్పలేని వద్దును రహీమక్కకు చెప్పడం తేలికైంది ఆయనకు. చెప్పిన సంగతే అబద్ధమా, లేక మనిషి దానికి చాలలేదా? నేనింకా తేల్చుకోలేదు. క్షమించడమంటే ఏది ఒప్పుకున్నట్టో కూడా తెలియదు. కానీ నాకు ఆలోచించడం నేర్పింది ఆయనే, ఆయన్ని అనుమానించడంతో సహా.

నేను వెళ్లేసరికి వాకిలి నిండా జనం. తమ్ముడు అందరికీ పనులు పురమాయిస్తున్నాడు. రహీమక్క గేటు బయట ఎండలో నిలబడి ఉంది. లోపలికి రమ్మన్నాను.

"రాను చెల్లె. ఇయ్యాల గా అరుగెక్కితే ఆనాడు సరే అన్నట్టే అయితది. గని సారు సారే" అంది.

పాడె లేచింది. డప్పులు, వాటి వెనక జనం. అందరూ దాటేదాకా ఆగి ఆమె కదిలింది. జనానికీ ఆమెకూ నడుమ ఖాళీ రోడ్డు. ఎటు కలవాలో తెలియక నేను ఆ ఖాళీలోనే నడిచాను. వెనక రహీమక్క, కొంగు తలమీదికి లాక్కుని, తొందరపడకుండా వస్తోంది.