వంతు మారిన రోజు

నా చిన్నప్పుడు బాన్సువాడలో మా బడి ఫుట్‌బాల్ జట్టుకు తెలిసిన ఎత్తు ఒక్కటే, బంతి ఎవరికి దొరికినా నాకు ఇవ్వడం. తొంభైల నాటి మాట. గోల్స్ అన్నీ నేనే కొట్టేవాణ్ణి. బజార్లో పెద్దవాళ్లు కూడా ఆపి భుజం తట్టేవారు. మొదట్లో గాల్లో తేలిపోయాను, అబద్ధమెందుకు. తర్వాత్తర్వాత ఆట ఉందంటే ముందురోజు నుంచే అన్నం సహించేది కాదు. నేను కొట్టకపోతే ఓడిపోతాం, ఓడిపోతే అందరూ చూసేది నా వంకే.

ఆ యాసంగి పంట రోజుల్లో రుద్రూర్ జట్టుతో ఆట కుదిరింది. నాలుగు రోజుల ముందు నా చీలమండ మెలికపడి వాచింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆడొద్దంటారని కాదు, చెప్పినా ఆడమంటారని భయం. పొద్దున్నే కాలువలో కాలు పెట్టుకుని కూర్చునేవాణ్ణి.

ఆ కాలువకు నీరడి ఒక ముసలాయన. ఎవరి మడికి ఎప్పుడు నీళ్లు వదలాలో చూసేది ఆయనే. మా పిల్లలందరికీ తాత. నీళ్లు తగ్గిన ఆ రోజుల్లో వంతు తప్పితే మళ్లీ వారం దాకా మడి ఎండాల్సిందే. మా వంతు ఆదివారం, ఆట శుక్రవారం. అలాంటిది శుక్రవారం పొద్దున ఆయన మా వాకిట్లో నిలబడి, మా వంతు ఇవాళ్టికి మారిందని చెప్పి వెళ్లాడు. నాన్న చెరుకు బండితో ఫ్యాక్టరీకి పోయి ఉన్నాడు. అమ్మ పార నా చేతికిచ్చింది.

జట్టువాళ్లు ఇంటి మీదికి వచ్చారు. బతిమాలారు, తిట్టారు. నేను తల వంచుకుని మడికి నడిచాను. లోపల మాత్రం గుండె మీంచి బండ దించినట్టుంది. అలా అనిపించినందుకు సిగ్గేసింది కూడా.

మా మడికీ బడి మైదానానికీ మధ్య కాలువ గట్టే అడ్డం. గట్టెక్కితే ఆటంతా కనిపించేది. మొదటి సగమంతా మావాళ్లు బంతి కాళ్ల దగ్గర పెట్టుకుని నాకోసం వెతుకుతున్నట్టు దిక్కులు చూశారు. రుద్రూర్ వాళ్లు ఒక గోల్ కొట్టారు. ఇక ఆగలేక పార పడేసి కుంటుకుంటూ నాలుగడుగులు వేశాను. నీరడి తాత నా చెయ్యి పట్టుకున్నాడు.

"కూసో బిడ్డా. నీ కాలు సూసిన. నువ్వు చెప్పవు, వాళ్లు అడగరు. గందుకే వంతు మార్చిన."

ఆయన పక్కనే కూర్చుండిపోయాను.

రెండో సగంలో, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల పిల్లాడొకడు, మేమెప్పుడూ బంతి అందించనివాడు, రుద్రూర్ వాళ్ల కాళ్ల మధ్యనుంచి బంతి లాక్కుని గోల్ కొట్టేశాడు. ఆట సమానంగా ముగిసింది. గట్టు మీద నాకు ఏడుపొచ్చేసింది. మర్నాడు ఎలా కొట్టావని అడిగితే, "మీరెవరూ ఇవ్వరుగా, నేనే తీసుకున్నా" అన్నాడు. నాకు రవ్వంత కుళ్లు పుట్టిన మాట నిజమే. కానీ ఆ రోజు గట్టు మీద ఏడ్చింది కుళ్లుతో కాదు. నేను లేకపోయినా ఆట ఆగలేదన్న నెమ్మదితో. ఇంటికి పోయి రెండు కంచాల అన్నం తిన్నాను.

ఆ శుక్రవారం వంతు నిజానికి నీరడి తాత మడిదేనని, మాకిచ్చి ఆయన ఆదివారం దాకా ఆగాడని అమ్మ తర్వాత చెప్పింది.

ఇప్పటికీ ఎవరినైనా పట్టుకుని, నువ్వు లేకపోతే ఏ పనీ నడవదని పదిమందీ పొగుడుతుంటే, నేను చప్పట్లు కొట్టను. ముందు వాళ్ల కాళ్ల వంక చూస్తాను.