పాదం మీది పదమూడు

ఆ ఆసుపత్రి పసిపిల్లల వార్డులో ఆవిణ్ణి అందరూ మరకల పిన్ని అంటారు. ఆయాగా చేరి ఇరవై రెండేళ్లయింది. ఈలోగా కాంట్రాక్టర్లు అయిదుగురు మారారు, పిన్ని ఉద్యోగం మాత్రం ఇంకా టెంపరరీయే. చెరగని సిరా పెన్ను చేతికొచ్చినప్పుడల్లా దాని ఒంటి మీదున్న 'పర్మనెంట్' అన్న మాట చూపించి, దీనికున్న అదృష్టం నాకు లేకపోయిందని నవ్వేది.

ఆ పెన్ను మరక తీయడంలో ఆవిడకు సాటి లేరు. కొత్తవాళ్లు పీచు పట్టుకుని గీకబోతే చెయ్యి పట్టుకుని ఆపేది. సిరా పోయినా గీకినచోట అదే అక్షరం గరుగ్గా మిగిలిపోతుందని, ఇక దాన్ని దేవుడు దిగొచ్చినా చెరపలేడని ఆవిడ వాదన. స్టీలు ట్రేకి స్పిరిట్ చాలు. గోడకైతే ముందు తలుపు వెనక మూలన ఒక చుక్కతో తుడిచి చూడాలి, గోడ రంగు గుడ్డకి అంటితే మానుకోవాలి. పిల్లల్ని పడుకోబెట్టే తొట్టెల ప్లాస్టిక్ మూతలు స్పిరిట్ తగిలితే సన్నగా బీటలిస్తాయి. వాటికి పాత రాత మీదే, తెల్లబోర్డు మీద రాసే పెన్నుతో మళ్లీ రాసి, వెంటనే మెత్తటి గుడ్డతో తుడవాలి. కింద ఏముందో చూడకుండా పైన చెయ్యి వేయకూడదు. పిన్ని చదువుకున్న చదువంతా అదే.

ఒక నెలలో బిడ్డల చేతికి కట్టే నంబరు పట్టీలు అయిపోయాయి. హెడ్ సిస్టర్ మూడుసార్లు కాగితం పెట్టింది. మూడూ సూపరింటెండెంట్ బల్ల మీదే నిద్రపోయాయి. వేరే దారిలేక సిస్టర్లు పిల్లల అరికాళ్ల మీద ఆ పెన్నుతోనే నంబర్లు రాయసాగారు. బిడ్డను తల్లితో ఇంటికి పంపేరోజు పిన్ని ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని, రెండు చుక్కల నూనె రాసి, పది నిమిషాలు నానబెట్టి, దూదితో ఒత్తకుండా తీసేది. పసి చర్మం దగ్గరికి స్పిరిట్ సీసా తెస్తే ఎంతటివాళ్లనైనా కసురుకునేది.

తనిఖీ ఉందని తెలిసిన పొద్దున సూపరింటెండెంట్ స్వయంగా వార్డులోకి దిగివచ్చాడు. గోడలూ తొట్టెలూ అద్దంలా మెరవాలని చెప్పి, గొంతు తగ్గించాడు.

"ఆ కాళ్ల మీద నంబర్లు కూడా తీసెయ్. స్పిరిట్ పెడితే రెండు నిమిషాల పని."

"పట్టీలొచ్చాయా సార్?"

"వస్తాయిలే. ముందు తుడువు. కుదరదంటావా, రేపట్నుంచి రానక్కర్లేదు."

కామెర్లొచ్చి నీలిలైటు కింద పడుకున్న పిల్లలు ఆరుగురు. అందులో పదమూడూ పద్నాలుగూ ఒకే గంటలో పుట్టిన ఆడపిల్లలు. ఇద్దరివీ బోడి తలలే, ఇద్దరిదీ వార్డు కప్పు ఎగిరిపోయే ఏడుపే. పదమూడు తల్లి ఆపరేషనై పై అంతస్తులో ఉంది. మత్తులో బిడ్డను ఒక్కసారి చూసిందంతే. ఆ అంకె చెరిగితే ఎవరి బిడ్డ ఎవరి ఒళ్లోకి పోతుందో!

మరక కనబడకూడదన్నది పెద్దల పట్టింపు. బిడ్డ తారుమారు కాకూడదన్నది ఆయా పట్టింపు. జీతాలు మాత్రం తలకిందులుగా ఉంటాయి.

పిన్ని గోడతో మొదలుపెట్టింది. ఇరవై రెండేళ్లలో ఎన్నడూ తుడవనంత తీరిగ్గా తుడిచింది. తర్వాత తొట్టెలు. తలుపు దగ్గర్నుంచి సూపరింటెండెంట్ వాచీ చూపించేసరికి స్టూలు లాక్కుని కూర్చుని, పదమూడు పాదాన్ని ఒళ్లోకి తీసుకుంది. నూనె రాసింది, అంకె చుట్టూ. అంకెను మాత్రం తాకలేదు. రాశాక నానాలి కదా మరి.

నానుతుండగానే తనిఖీ అధికారి లోపలికి వచ్చింది. నడివయసు మనిషి. నేరుగా స్టూలు దగ్గరే ఆగింది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"నంబరు తీస్తున్నానండీ. సార్ తీసెయ్యమన్నారు." పిన్ని తలెత్తలేదు. "పట్టీలు లేవు. ఇది పోతే ఈ పిల్ల ఎవరిదో చెప్పడానికి నాకింకో గుర్తు లేదు. ఆ పద్నాలుగూ ఇలాగే ఉంటుంది. కాస్త ఈ మొహం గుర్తుపెట్టుకుంటారా అమ్మా?"

అధికారి రెండు మొహాలూ మార్చి మార్చి చూసింది. తర్వాత సూపరింటెండెంట్ వైపు తిరిగింది. ఆయన అప్పటికే మెరుస్తున్న గోడను పరీక్షగా చూస్తున్నాడు.

సాయంత్రానికి పట్టీల పెట్టె వచ్చింది. రేపట్నుంచి రావద్దన్న మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

పట్టీ కట్టాక, పదమూడు తల్లిని చక్రాల కుర్చీలో తెచ్చి పక్కన కూర్చోబెట్టుకుని మరీ పిన్ని అంకె తీసింది. ఈసారి నూనె సరిగ్గా అంకె మీదే పడింది. సిరా కరిగి, కింద గులాబి రంగు చర్మం గీత కూడా లేకుండా బయటపడింది.

"నొప్పి పుట్టలేదు కదా పిన్నీ?" అంది తల్లి.

"నాకు పుట్టింది తల్లీ, చూడు" అంది పిన్ని. అంతకు క్షణం ముందే ఆ పిల్ల, కరిగిన సిరా జిడ్డు అంటిన కాలితో ఆవిడ తెల్లకోటు మీద ఒక్క తన్ను తన్నింది. బొటనవేలంత నల్లమరక పడింది.

అది ఇప్పటికీ ఆ కోటు మీదే ఉంది. ఎందుకు తీయలేదని సిస్టర్లు ఆటపట్టిస్తే, తీరిక దొరకలేదంటుంది మరకల పిన్ని.