పిట్టలకి హాజరు

మా అమ్మాయి సాయంత్రం బడి నుంచి వస్తూనే పలక గుమ్మంలో పడేసి, రేపటికి తనకొక పిట్టగూడు కావాలంది. ఉత్త గూడు తెస్తే మామూలేనట. గుడ్డుతో సహా తెస్తే టీచరుగారు ముందు బల్ల మీద కూర్చోబెడతారట. ప్రకృతి పాఠం. ఈ గుడివాడ బజారులో, బియ్యం మిల్లుల పొట్టు తప్ప మరేమీ ఎగరని చోట, పిట్టగూడు ఎక్కడ తేవాలా అని నేను తల పట్టుకుంటే, పాలు పోయడానికొచ్చిన అతను విని, "మా చేలగట్టున బోలెడున్నాయండీ, తెల్లారేసరికి తెచ్చి పడేస్తా" అన్నాడు. సరేనన్నాను. వద్దని చెప్పి, ఎందుకు వద్దో ఆరేళ్ళ పిల్లకి బోధపరిచి, అది రాగం తీస్తే ఊరుకోబెట్టి, ఇన్ని పనులు చేసే ఓపిక ఈమధ్య నాలో మిగలడం లేదు. చంటివాడికి ఒంట్లో నలతగా ఉంది. యుద్ధం పుణ్యమా అని కిరసనాయిలు చుక్కలు లెక్కపెట్టి వాడుకుంటున్నాం. బుడ్డి దీపం సన్నగా తగ్గించి, వాడి నుదురు తడిమి చూసుకుంటూ కూర్చుంటే, ఎంతోకాలంగా తలుచుకోని మా మేనత్త గుర్తుకొచ్చింది.

అత్తయ్య మా నాన్నగారి చెల్లెలు. ఊహ తెలియక ముందే భర్త పోయాడు. బందరు కోర్టులో గుమాస్తాగా ఉన్న నాన్నగారు నలుగురూ ముక్కున వేలేసుకున్నా లెక్కచేయక ఆవిడని చదివించి, టీచరు ట్రైనింగు కూడా చేయించారు. తీరా ఉద్యోగం వచ్చాక ఆయనకే ధైర్యం చాలలేదు. ఆ వచ్చిందీ దగ్గరేం కాదు. దివిసీమలో, నాగాయలంక దాటి సముద్రం వైపు వెళ్తే ఉప్పుగాలికి తలుపుల మేకులు కూడా తుప్పుపట్టి రాలిపోయే ఒక పల్లెలో ఆడపిల్లల బడి. ఆడకూతురు ఒంటరిగా ఎలా ఉంటుందని నన్ను తోడు పంపారు. తొమ్మిదేళ్ళ పిల్లని నేను ఎవరి నుంచి ఎవరిని కాపాడాలో మాత్రం చెప్పలేదు. పడవ ఎక్కించేటప్పుడు, "ఏడాది చూద్దామమ్మా. ఉద్యోగం ఖాయం చేశారా సరే. లేదంటే వచ్చెయ్, వంటింట్లో నీ చోటు నీకు ఎప్పుడూ ఉంటుంది" అన్నారు. ప్రేమగానే అన్నారు. ఆ మాటకి అత్తయ్య ముఖం పాలిపోవడం చూశాను. బందరు ఇంట్లో ఆవిడ తెల్లవారకముందే లేచి, తడిచీరతో పొయ్యి దగ్గర కూర్చుంటే, మళ్ళీ పొద్దుగూకాక లేచేది. శుభకార్యమైతే అంతకన్నా లోపలికి, కట్టెల గదిలోకి వెళ్ళేది. ఈ పల్లెలో అడుగు పెట్టగానే ఎవరో ముసలాయన చెప్పులు విడిచి, "పంతులమ్మగారూ, దయచేయండి" అన్నాడు. ఆ పూట ఆవిడ అన్నం తినలేదు. ఆకలి లేదంది.

మేమున్నది బడిలోనే, వెనక వసారాలో. తాటాకు కప్పు, మట్టి గోడలు, ఒక నల్లబల్ల. కొందరు రైతుల పిల్లలు, తక్కినవాళ్ళంతా సముద్రం మీద బతికేవాళ్ళ పిల్లలు. వాళ్ళ జడల్లో ఎండుచేపల వాసన, మా బట్టల్లో ఇంగువ వాసన. నెల తిరిగేసరికి రెండూ కలిసి ఒకటే బడివాసన అయింది. ప్రకృతి పాఠం చెప్పడానికని పైవాళ్ళు ఒక పటాల చుట్ట పంపారు. విప్పి గోడకి తగిలిస్తే అందులో ఎర్రరొమ్ము పిట్ట ఒకటి, ఉండలా చుట్టుకున్న ముళ్ళజంతువు ఒకటి, తెల్లటి నేల మీద నిలబడ్డ దుప్పి ఒకటి. ఆ తెలుపేమిటో చెప్పండని అత్తయ్య అడిగితే ఒక పిల్ల లేచి, "ఉప్పుమడండీ" అంది. మంచు అని అత్తయ్య దిద్దితే, "అంత మంచుంటే ఆళ్ళు ఉప్పెక్కడ పండిత్తారండీ?" అని ఇంకో పిల్ల జాలిపడింది.

ట్రైనింగులో చెప్పినదాని ప్రకారం ప్రతి బడికీ ఒక మ్యూజియం ఉండాలి. గూళ్ళు, గుడ్లు, గుండుసూది గుచ్చిన సీతాకోకచిలుకలు, సీసాలో పాము. పక్క ఊరి మగపిల్లల బడిలో కడుపులో గడ్డి కూరిన గుడ్లగూబ కూడా ఉందని ప్రతీతి. సరే, మీరూ ఏదో ఒకటి తెండని అత్తయ్య పిల్లలతో చెప్పింది. మర్నాడే ఒక పిల్ల గిజిగాడి గూడు తెంపుకొచ్చింది. చేతిసంచీలా వేలాడే ఆ గూడు ఎంత బాగుందో! బల్ల మీద పెట్టగానే లోపల ఏదో కదిలింది. ఈకలు కూడా మొలవని పిల్లలు. అత్తయ్య నూకలు నమిలి పెట్టింది, పత్తి కప్పింది. బడి వదిలేలోపు అన్నీ పోయాయి. తెచ్చిన పిల్ల భయపడి ఏడుస్తుంటే, "నువ్వేం చేశావే, నేనే కదా తెమ్మన్నాను" అని ముక్కు తుడిచింది.

ఆ తరవాత ఆవిడ మ్యూజియాన్ని బయటే ఉంచేసింది. ఒక్కో పిల్లకి ఒక్కో ప్రాణిని ఒప్పజెప్పింది. పట్టకూడదు, ముట్టకూడదు, బడికి వస్తూ దాన్ని చూసి రావాలి, అంతే. పొద్దున పిల్లల హాజరు కాగానే వాటికి హాజరు వేసేది.

"గిజిగాడు?"

"ఉన్నాడండీ. కొత్త గూడు మొదలెట్టాడు. పెళ్ళానికి నచ్చలేదండీ."

"నత్తకొంగ?"

"ఉందండీ. పిల్లలకి నత్తలు తెచ్చింది."

"ఉడుము?"

"లేదండీ, ఊరెళ్ళింది."

నా వంతుకి మురుగుకాలువ గట్టున ఉండే బురదపీత వచ్చింది. ఒక చెయ్యి గోరంత, ఒక చెయ్యి ఒంటికన్నా పెద్దది. కొంగ రానందుకు నేను రెండు రోజులు అలిగాను. అందరికన్నా కష్టం బావురుపిల్లి వచ్చిన పిల్లది. మడ అడవి అంచున రాత్రిళ్ళు చేపలు పట్టుకునే ఆ పిల్లిని ఊళ్ళో ఎవరూ తేరిపార చూసిందే లేదు. "బావురుపిల్లి?" అంటే ఆ పిల్ల రోజూ నీరసంగా లేచి, "అడుగులు వచ్చినియ్యండీ, అది రాలేదండీ" అనేది. ఊరంతా ఈ హాజరుని వేడుకగా చెప్పుకున్నారు. ఒక రైతు అరుగు మీద కూర్చుని, "పంతులమ్మగారు పిట్టలకి కూడా అక్షరాలు దిద్దిస్తన్నారంట. ఇంకేముంది, ఈ ఏడు మన గింజలు దణ్ణం పెట్టి మరీ తింటాయి" అన్నాడు. కానీ వాళ్ళ అబ్బాయి తుమ్మల మీది కొంగలకి గులకరాయి గురిపెడితే ఇంటి ఆడపిల్లే వాడి చెవి మెలిపెట్టింది. తనకి హాజరు తక్కువవుతుందని.

ఇక్కడ ఆగి చంటివాడి నుదురు మళ్ళీ తడిమాను. చెమట పట్టింది. మంచిదేనంటారు పెద్దవాళ్ళు. నమ్మాలి.

కార్తీకంలో ఇన్‌స్పెక్ట్రెస్ గారు వస్తారని కబురొచ్చింది. ఆవిడ చూసి బాగుందంటేనే ఉద్యోగం ఖాయం. అత్తయ్యకి నిద్ర కరువైంది. ఆ ఇన్‌స్పెక్ట్రెస్ బూట్లు విప్పి మనతో బురదలోకి వస్తుందా? వచ్చినా ఆ పూట ఉడుము ఊళ్ళో ఉంటుందా? ఒక బీరువా కొని నాలుగు గుడ్లు పెట్టేస్తే గొడవ వదిలిపోతుంది కదా అని నాతోనే అనేది, మళ్ళీ తనే కాదని తల ఆడించేది. ఉడుము హాజరు చెప్పే పిల్ల తల్లి చేపల గంప దించి మెట్ల మీద అలుపు తీర్చుకుంటూ ఈ తంటా అంతా కనిపెట్టింది. గట్టి గొంతు మనిషి. కూతురిని, "చదువుకోవే అంటే ఉడుముకి కాపలా కాత్తన్నావు, నీ మొగుడు కూడా అట్టాంటోడే వత్తాడే" అని రోజూ దెప్పేది. అత్తయ్యని మాత్రం కళ్ళలో పెట్టుకునేది. ఆరోజు, "ఏంటమ్మగారూ, నాలుగు రోజుల్నించీ అట్టా పీక్కుపోయారు?" అంది. అత్తయ్య నవ్వి, "ఏం లేదు తల్లీ. ఆవిడ వచ్చిన పూట మన ప్రాణులన్నీ కళ్ళకి కనబడితే చాలు. లేకపోతే నేను బందరు పొయ్యి దగ్గరికి పోవాల్సిందే" అంది.

"ఓస్, అంతేనా!" అని ఆవిడ గంప ఎత్తుకుంది.

ఇన్‌స్పెక్ట్రెస్ గారు వచ్చే పొద్దున మేం తలుపు తీసేసరికి వసారా నిండా గంపలు. ఊరు ఊరంతా వచ్చి నిలబడి ఉంది, పెళ్ళికి వచ్చినట్టు. వలలు వేసి, ఉచ్చులు పెట్టి, తుమ్మలెక్కి తెచ్చారు. నత్తకొంగ కాళ్ళకి, ముక్కుకి వలతాడు కట్టి గంపలో కూర్చోబెట్టారు. పక్కన దాని పిల్లలు మెడలు వాల్చి ఉన్నాయి. ఉడుమును నడుముకి మోకు వేసి గుంజకి బిగించారు. తాబేలు వెల్లకిలా. గిజిగాళ్ళ గూళ్ళు తాటిమట్టలతో సహా నరుక్కొచ్చి దూలానికి వరసగా తోరణంలా కట్టారు. నా పీత చెంబులో ఉంది. ఉడుము పిల్ల తల్లి ముఖం వెలిగిపోతోంది. "చూసుకోండమ్మగారూ, ఒక్కటి తప్పిపోలేదు. మా మగోళ్ళు రాత్రి చేపల వేటకి కూడా పోలేదు" అంది. రాత్రి వేట మానుకోవడమంటే ఆ ఇళ్ళలో మర్నాటి కూడు మానుకోవడం. అత్తయ్య గుంజ పట్టుకుని నిలబడింది. కోప్పడుతుందని నేను ఎదురుచూశాను. అందరి వంకా ఒకసారి చూసి, "ఎంత శ్రమపడ్డారు నాయనా" అంది. పడవ అప్పటికే రేవులో ఆగింది.

ఇన్‌స్పెక్ట్రెస్ గారు మంచావిడే. కళ్ళజోడు, చేతిలో గొడుగు. వసారాలోకి అడుగుపెట్టి, "అబ్బ! తాలూకాలో ఎక్కడా చూడలేదమ్మా ఇంత సజీవమైన మ్యూజియం" అని చంటిపిల్లలా మురిసిపోయింది. పాఠం చెప్పమంది. అత్తయ్య హాజరు పిలిచింది. పిలుస్తున్న గొంతు మాత్రం రోజూటిది కాదు, చిట్టా చదువుతున్నట్టుంది. గిజిగాడు? ఉన్నాడండీ. నత్తకొంగ? ఉందండీ. ఉడుము? ఉందండీ. పిల్లలు బిక్కుబిక్కుమంటూ గంపల వైపు చూసి చెబుతున్నారు. చివరికి బావురుపిల్లి వంతు వచ్చింది. ఆ పిల్ల అందరిలోకీ తనదొక్కటే తక్కువైందని వెక్కుతూ లేచి, "ఇవ్వాళ కూడా రాలేదండీ" అంది. ఆ మాటకి అత్తయ్య గబుక్కున నల్లబల్ల వైపు తిరిగి, అక్కడేమీ రాసి లేకపోయినా చాలాసేపు చెరిపింది.

ఇన్‌స్పెక్ట్రెస్ గారి పడవ కదలగానే అత్తయ్య తనే కట్లు విప్పింది. ఉడుము పోయింది, తాబేలు పోయింది. కొంగ నాలుగడుగులు తూలి, లేచి సముద్రం వైపు ఎగిరింది. దాని పిల్లలు మాత్రం మిగల్లేదు. ఉడుము పిల్ల తల్లి ఒక గూడు తీసుకెళ్ళి వల అల్లే నైపుణ్యమంతా చూపించి మళ్ళీ తాటిమట్టకి కట్టింది. గిజిగాడు వచ్చి, చుట్టూ తిరిగి చూసి వెళ్ళిపోయాడు. మర్నాడు అత్తయ్య ఎప్పటిలాగే హాజరు వేసింది. పిల్లలు ఒకరి తరవాత ఒకరు లేచి "రాలేదండీ" అని కూర్చున్నారు. ఆ ఏడు తుమ్మల మీద మళ్ళీ కొంగలు వాలలేదు.

ఉద్యోగం ఖాయమైంది. అంతేకాదు, తక్కిన బళ్ళు కూడా ఇలాగే ప్రాణులని తెచ్చి చూపించాలని ఇన్‌స్పెక్ట్రెస్ గారు మెచ్చుకుని చెబుతూ పోయారని తెలిసింది. సంగతి విని ఉడుము పిల్ల తల్లి చేపల గంపతోనే పరుగెత్తుకొచ్చి, "ఇంక దిగులు దేనికండీ?" అంది. అత్తయ్య ఆవిడ చేతులు పట్టుకుని, "ఏం లేదు తల్లీ. నీ చలవే" అంది. అందులో వెటకారం ఇసుమంత కూడా లేదు. పట్టుకున్న చేతుల నుంచి చేపల నీళ్ళు కారి తెల్లచీర తడిసింది, ఆవిడ తుడుచుకోలేదు.

అత్తయ్య మళ్ళీ బందరు వంటింటికి వెళ్ళలేదు. నాన్నగారు పోయాక నా కాలేజీ ఫీజు ఆవిడే కట్టింది. ఇంటర్మీడియెట్‌లో ఉండగా, నాకూ కాస్త తెలివి వచ్చిందనుకునే రోజుల్లో, "ఆరోజు ఇన్‌స్పెక్ట్రెస్ గారితో, మనం దేన్నీ పట్టించమని ఉన్నమాట చెప్పేసి ఉంటే ఏమయ్యేది అత్తయ్యా?" అని అడిగాను.

"ఏమయ్యేది? నేను పప్పు రుబ్బుతుండేదాన్ని, నువ్వు పక్కన కూర్చుని పిండి తోస్తుండేదానివి."

"అయితే చెప్పకపోవడమే మంచిదంటావా?"

ఆవిడ చేతిలోని విసనకర్ర ఆపింది. "ఆ కొంగకీ, నాకూ మధ్య తీర్పు ఇంకా తేల్చుకోలేదే. తీరిగ్గా తేల్చుకుంటాలే" అంది.

ఆ తీరిక దొరక్కుండానే వెళ్ళిపోయింది. బడిలో పనిచేస్తూనే, రెండు రోజుల జ్వరంతో. ఆనాడు గుంజ పట్టుకుని నిలబడ్డ అత్తయ్య వయసు ఇప్పుడు నా వయసుకి అటూ ఇటూగా ఉంటుంది. తెల్లారితే పాలతను గుడ్డుతో సహా గూడు తెస్తాడు, పుచ్చుకోవాలో వద్దనాలో నేనూ ఇంకా తేల్చుకోలేదు. పెద్దవాళ్ళంటే అన్నీ తేల్చుకున్నవాళ్ళని అప్పుడు అనుకున్నాను గాని, మన చేతికి కాలం ఎప్పుడూ సగం పడ్డ తీర్పులనే అందించి, తక్కిన సగం మనం వినకముందే లేచి వెళ్ళిపోతుంది.