పన్నెండో చేప

నలభై ఏళ్లుగా డైరీ రాస్తున్నాను. అందులో దెయ్యం అనే మాట ఎక్కడా లేదు. నమ్మనిది రాయను.

చీరాలకు కొంత దూరంలో ఉన్న చేపల పరిశోధన కేంద్రంలో రికార్డులు రాసి రిటైరయ్యాను. పంగస్ అనే క్యాట్‌ఫిష్‌లో రోగాన్ని తట్టుకునే జన్యువుల కోసం అక్కడ వెతుకుతున్నారు. పాత వంశావళి నా డైరీల్లోనే ఉందని మళ్లీ పిలిచారు.

పని ఇదీ. వల మనిషి ఖాసిం తొట్టిలోంచి తల్లి చేపను పట్టి, రెక్క కొన కత్తిరించి, జన్యు పరీక్షకు సీసాలో వేసి, నంబరు చెబుతాడు. నేను తిరిగి చెబుతాను. అతను "ఆఁ" అంటేనే రాసి టిక్కు పెడతాను. ఎత్తి రాయడంలో తప్పు పడకుండా నేను పెట్టిన పద్ధతి.

"మీరు రాయకపోతే చేప పుట్టినట్టే కాదు కదండీ" అని ఖాసిం నవ్వేవాడు.

ఆ సోమవారం నలభై చేపలు చేయాలి. ఇరవై అయ్యాక అన్నాడు, "ఒళ్లు కాలిపోతోంది సార్. మిగతావి రేపు చూద్దామండి."

"సగం అయిపోయాయి కదయ్యా, కానిచ్చెయ్" అన్నాను.

ఇరవై ఎనిమిదోది అయ్యాక అతని చేతిలోంచి కత్తెర జారింది. అప్పుడు ఇంటికి పంపాను.

మంగళవారం ఉదయం ఏడింటికి వెళ్లేసరికి ఖాసిం తొట్టి దగ్గర ఉన్నాడు. తలకు తువ్వాలు. పలకరిస్తే తలెత్తకుండా వల అందుకున్నాడు. నంబర్లు మాత్రం ఎప్పటి గొంతుతోనే చెప్పాడు. పదకొండు అయ్యాయి. పన్నెండోది తిరిగి చెప్పాను. "ఆఁ" రాలేదు. తలెత్తితే ఎవరూ లేరు. గట్టు మీద కత్తెర తడిగా ఉంది.

ఫోన్ చేస్తే అతని భార్య మస్తాన్‌బీ ఎత్తింది. "రాత్రే గుంటూరు ఆస్పత్రికి తెచ్చామండి. ఫ్లూ అంట. గొంతులో గొట్టం వేశారు. అప్పట్నుంచీ మాట లేదు."

గురువారం పోయాడు.

పన్నెండు సీసాలూ పరీక్షకు వెళ్లాయి. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆ రెక్కలు ఎవరు కోశారని కేంద్రంలోని సైంటిస్టు మేడమ్ అడిగితే, నేను కాదన్నాను. వెన్ను ముల్లు పొడుస్తుందని నేను ఒక్కనాడూ పంగస్‌ను చేత్తో పట్టలేదు.

ఫ్లూ వైరస్ తనను తాను కాపీ చేసుకునేటప్పుడు తప్పులు చేస్తుందట. ఆ తప్పులతోనే కొత్తదవుతుందట. అందుకే ఏటా టీకా మారుస్తారని మేడమే చెప్పింది. నా రాతలో తప్పు లేదు. తప్పు ఇరవయ్యో చేప దగ్గర జరిగింది.

ఆ వేసవిలో, ఆ చేపల్ని వదిలిన చెరువుకు రోగం తగిలింది. నలభైలో ఒక్క చేపా మిగల్లేదు.

ఆ ఉదయం నా ఎదుట ఉన్నదెవరో ఇప్పటికీ నాకు తెలియదు. అప్పుడప్పుడూ ఆ పేజీ తీసి పన్నెండో నంబరు పైకి చదివి, "ఆఁ" కోసం ఆగుతాను. దాని పక్కన టిక్కు ఇంకా పెట్టలేదు.